వందో గంట

మూడు కాగానే దియెప్ టీచర్ సీడీ లోపలికి తోసి, నా పక్కనున్న వెదురు కుర్చీలో కూర్చుంది. పద్నాలుగు పాటలు. యాభై ఆరు నిమిషాలు. అవి అయిపోయాక నేను నోరు విప్పాలి. నా చేతులతో కట్టిన ఈ గాజు వాల్వుల యాంప్లిఫయరుకీ, చనిపోయిన ఆమె భర్త వదిలి వెళ్ళిన ఈ రెండు చిన్న చెక్క స్పీకర్లకీ జోడీ కుదిరిందో లేదో తేల్చి చెప్పాలి. కుదిరిందంటే నా పని అయిపోయినట్టే, రేపటినుంచి ఈ సందులోకి రావడానికి నాకు సాకు లేదు. కుదరలేదంటే స్పీకర్లను కాఫీ దుకాణం నడుపుతున్న పాత శిష్యుడికి ఇచ్చేస్తానంది, అప్పుడూ సాకు లేదు. ఇంకో దారి ఉంది. కుడి స్పీకరు వెనక ఎర్ర వైరు ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది ఉన్నాయనీ, ఆ సంగతి నాకు తొంభై రోజులుగా తెలుసుననీ ఒప్పేసుకోవడం. ఒప్పుకుంటే, ఈమె ఒక్కతె ముందే కాదు, సైగాన్‌లో పాట వినే ప్రతివాడి ముందూ నా పరువు గంగలో కలుస్తుంది.

మొదటి పాట మొదలైంది. గిటారు తీగ మీద గోరు గీసిన చప్పుడు బాగానే తెలుస్తోంది, వాల్వులు వేడెక్కి ఆ చప్పుడుకి కాస్త తేనె పూశాయి, అది నా పనితనం, అందులో అనుమానం లేదు. కానీ అదిగో, పాడే మనిషి వచ్చింది, వచ్చి ఎక్కడా నిలబడలేదు. గొంతు ఎడమ గోడ మీద కాస్త, కుడి కిటికీ ఊచల మీద కాస్త, నా వీపు వెనక గడప దగ్గర కాస్త. బేస్ గిటారు ఉందంటే ఉంది, ఉప్పు వెయ్యని చేపల పులుసులా. ఒక పెట్టెలోని కాగితపు గిన్నె గాలిని ముందుకు తోస్తుంటే రెండో పెట్టెలోది వెనక్కి లాగేస్తోంది, ఒకడు నీళ్ళు తోడుతుంటే ఇంకొకడు పారబోస్తున్నట్టు. రెండూ కలిసి తోస్తేనే మధ్యలో మనిషి నిలబడుతుంది. ఇది నేర్చుకోవడానికి నాకు పన్నెండేళ్ళ వయసు సరిపోయింది, నాన్న రేడియో మరమ్మతు బల్ల కింద కూర్చుని. ఇప్పుడు అరవై ఆరు. పాత రేడియో సామాన్లు అమ్మే న్యత్ తావ్ సంతలో నా పేరు ఉత్త థిన్ కాదు, చెవి థిన్. యాంప్లిఫయరు కొనేవాడు ముందు నా దగ్గరికి మోసుకొచ్చి "బాబాయ్, ఒక్కసారి చెవి అరువియ్యి" అంటాడు. ఆ చెవి తొంభై రోజులుగా ఈ విరిగిన పాట విని తల ఊపుతోంది.

రెండో పాట. ఆమె కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే ఆమె బడిలో పరీక్ష గదికి కాపలా ఉన్నట్టుంటుంది, నిద్రపోతోందనుకుని కాపీ కొట్టినవాడు చచ్చినట్టే. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పింది. అసలు నా దుకాణానికి వచ్చిన రోజు కూడా అలాగే వచ్చింది, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, వర్షపు నీళ్ళు నా ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడకుండా రెండడుగుల దూరంలో నిలబడి, "మా ఆయన పెట్టెలున్నాయి. వాటిని పాడించేది కాలిపోయింది. కొత్తది కట్టిపెడతారా?" అంది. పెట్టెలు చూశాను. అన్నం వండే కుక్కరంత ఉన్నాయి, చెక్క మీద పాలిష్ చెక్కుచెదరలేదు, లోపలి రబ్బరు అంచులు మాత్రం పొడి పొడి అయిపోయాయి. అంచులు మార్చాను. వాటికి తగ్గట్టు నాలుగు వాల్వులతో యాంప్లిఫయరు కట్టాను. అప్పుడు చెప్పాను మా సంత ఆచారం: కొత్త సరుకు వంద గంటలు ఆడాలి, అప్పుడే తీర్పు. కొత్త చెప్పు కాలికి అలవాటు పడే ముందు కరుస్తుంది, దాన్ని చూసి చెప్పు మంచిది కాదనకూడదు. ఎవరైనా ఏం చేస్తారు, స్విచ్చి వేసి నాలుగు పగళ్ళు నాలుగు రాత్రులు వదిలేస్తారు. ఈమె ఒప్పుకోలేదు. "ఎవరూ లేని గదిలో ఎవరైనా ఎందుకు పాడాలి? రోజుకో గంట పెడతాను. మీరొచ్చి వినండి" అంది. పక్క దుకాణం లోక్ అది విని నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఒరే, నాలుగు రోజుల పనికి వంద రోజులా?"

"ఆవిడ పద్ధతి అది."

"ఆవిడ పద్ధతి సరే, నీ చొక్కాకి ఇస్త్రీ ఎప్పట్నుంచి?"

మూడో పాటలో వెదురు మురళి ఉంది. తిన్నగా ఉన్న జోడీలో ఆ మురళి గాయని భుజం వెనక ఎడంగా, ఒక అడుగు దూరంలో వినబడాలి, మొదటి ఎనిమిది రోజులూ అలాగే వినబడింది. ఎంత బాగుండేది ఆ ఎనిమిది రోజులూ. పేరుకి పుస్తకాల అర స్పీకర్లు గానీ అరలో పెడితే గొంతు పిసికినట్టుంటాయి, అందుకని ఇసుక నింపిన ఇనప స్టాండ్లు మోసుకొచ్చి, గోడకి మూరన్నర దూరంలో, మా ఇద్దరి కుర్చీల వైపు కాస్త తిప్పి పెట్టాను. మొదటిరోజు గాయని గొంతు రెండు పెట్టెల మధ్య గాలిలో, సరిగ్గా మనిషి నోరుండే ఎత్తులో పుట్టేసరికి దియెప్ టీచర్ ఉలిక్కిపడి, చేతిలో టీ కెటిల్ అలాగే పట్టుకుని, "అక్కడెవరో ఉన్నారు" అంది. రెండోరోజు ఆ ఖాళీ చోట చిన్న పీట వేసి మూడో కప్పు పెట్టింది. మల్లెపూల టీ. "ఇంత దూరం వచ్చి పాడుతుంటే నీళ్ళైనా ఇవ్వకపోతే ఎలా?" ఆ జోకు ఎనిమిదో రోజు దాకా సాగింది, ఎవరూ తాగని టీ రోజూ చల్లారింది, ఎవరూ నవ్వలేదు, ఇద్దరం లోపల నవ్వుకున్నాం. ఎనిమిదో రోజునే నేను నా గొయ్యి తవ్వుకున్నాను. కోతలు కోయడం నాకు అలవాటు, పనితనం ఉన్నవాళ్ళందరికీ ఉండే రోగమే. "టీచరుగారూ, నా చేతి సరుకు కదా, తొందరగా విచ్చుకుంది. వంద అక్కర్లేదు. ఇంకో రెండు రోజులు చాలు" అన్నాను. ఆమె "ఓహో" అంది. అంతే. ఇంటికెళ్ళి మంచం మీద పడుకున్నాక గానీ నేనేమన్నానో నాకు వినబడలేదు. మా ఆవిడ బతికుండగా అనేది, బియ్యప్పిండి రొట్టెలు ఆవిరికి పెడుతూ, వెనక్కి తిరక్కుండానే: "నీ చెవులు ఆ పెట్టెలకే మనిషీ, మనుషులకి కాదు." పన్నెండేళ్ళయింది పోయి. ఇంకా సరిగ్గానే చెప్తోంది.

నాలుగో పాట జారిపోయింది, నేను వినలేదు. సందులో మొక్కజొన్న బండి వచ్చింది, దాని మైకులో రికార్డు చేసిన ఆడగొంతు "వేడి వేడి, మెత్త మెత్త" అంటూ కిటికీ ముందు నుంచి పోయింది, అదైనా నయం, ఎక్కడ నిలబడి అరుస్తోందో తెలుస్తుంది. ఎదురింటి థొమ్ అవ్వ తన గడప మీదినుంచి మొదలెట్టింది.

"ఏమయ్యా చెవులాయనా! ఇవాళ వందట గదా?"

"వందే, అవ్వా."

"వంద రోజులు అదే పాట వింటే నాకే వచ్చేసింది. నీకింకా రాలా?"

దియెప్ టీచర్ కళ్ళు తెరవకుండానే నవ్వింది. ఈ నవ్వు కోసం కాదూ ఇదంతా. తొమ్మిదో రోజు వచ్చి కూర్చున్నాను, పాట మొదలైంది, గది మధ్యలో ఎవరూ లేరు.  వాల్వు పోయిందా, నేను చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ పోయిందా, రాత్రంతా లెక్కలు. పదో రోజు ఆమె టీకి వంటింట్లోకి వెళ్ళగానే కుడి స్పీకరు మీదినుంచి వెనక్కి తొంగిచూశాను. ఎర్రది నల్ల చోట. అంతేనా! నేల తుడుస్తూ వైర్లు ఊడదీసి, తిరిగి తప్పు పెట్టి ఉంటుంది పాపం. నల్లబల్ల మీద చెప్పే పాఠం వేరు, చేతిలో వైరు వేరు. అర నిమిషం పని. చెయ్యి చాపాను కూడా. స్క్రూకీ నా వేలికీ బెత్తెడు దూరం. అప్పుడు అనిపించింది, ఇది సరిచేస్తే ఇవాళ పదో రోజు, నేనన్న "రెండు రోజులు" ఇవాళ్టితో సరి. వంటింట్లో కప్పుల చప్పుడైంది. వెనక్కొచ్చి కూర్చున్నాను. ఆమె ట్రే దించుతూ "నిన్నటినుంచి అదోలా ఉంది కదూ?" అంది. నేను, చెవి థిన్‌ని, గొంతు సవరించుకుని, "కొత్త సరుకు సాగుతున్నప్పుడు ఒక్కోసారి వెనక్కి వెళ్తుంది టీచరుగారూ. సహజం" అన్నాను. "అయితే వంద పూర్తి చెయ్యాల్సిందే" అంది ఆమె, గంభీరంగా. అబద్ధం ఆడినందుకు ఒళ్ళు చెమటలు పట్టాలి కదా, నాకు ఒళ్ళంతా గాలి తగిలినట్టయింది.

ఆరో పాటకి వాన అందుకుంది. ఈ కాలంలో మూడున్నరకి రావాల్సిందే, రేకుల మీద మొదట రాళ్ళు విసిరినట్టు, తర్వాత ఇక ఒకటే హోరు. ఆమె లేచి గాయని గొంతు కాస్త పెంచింది, కిటికీ రెక్క ఒకటి వేసింది, పచ్చి మామిడి ముక్కల పళ్ళెం నా వైపు జరిపింది, కారం ఉప్పు వేరే చిన్న గిన్నెలో, నాకు కారం తక్కువని ఇరవయ్యో రోజునుంచి రెండు గిన్నెలు. ఎప్పుడు కనిపెట్టింది? నేనెప్పుడూ చెప్పలేదు. పాట చెడిపోయిన ఈ తొంభై రోజుల్లో నేను విన్నవి వేరే. ఆమె మామిడి కొరికినప్పుడు వచ్చే చప్పుడు. బల్లి కూసిందంటే అవునని గోడ మీద వేలితో కొట్టడం. ముప్పయ్యో రోజు ఆమె భర్త పటం ముందు అగరుబత్తి వెలిగించి, "ఈయన పెట్టెలు తెచ్చాడు గానీ ఒక్క పాట పూర్తిగా వినలేదు, మధ్యలో లేచి ఇంకో పాట పెట్టేవాడు" అని చెప్పినప్పుడు గొంతులో కోపం లేకపోవడం. అరవయ్యో రోజు నాకు జ్వరమొచ్చి రాకపోతే, ఆ రోజు సీడీ పెట్టలేదట, "లెక్క తప్పుతుంది" అని. ఇంత చెడ్డ శబ్దాన్ని నా జీవితంలో ఇంత హాయిగా నేనెప్పుడూ వినలేదు. లోక్‌కి చెప్తే సంతలో నా బోర్డు పీకేస్తాడు.

తొమ్మిదో పాట. పదోది. వాన తగ్గింది, చూరు చుక్కలు మిగిలాయి. ఖాళీ పీట ఇంకా అక్కడే ఉంది, దాని మీద ఇప్పుడు వార్తాపత్రిక. మూడో కప్పు ఆగిపోయింది తొమ్మిదో రోజునే. ఆ రోజు నేను వచ్చేసరికి ట్రేలో రెండే కప్పులు. జోకు పాతబడి విసుగొచ్చింది కాబోలు అనుకున్నాను. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? ఏదో ఉంది అక్కడ, నాలుక మీద చేపముల్లులా తగులుతోంది, దొరకడం లేదు. ఆలోచించేందుకు ఇది సమయం కాదు, ఇంకా నాలుగు పాటలున్నాయి. ఏం చెప్పను? కుదిరిందంటాను. చక్కగా కుదిరింది, సెలవు, అని. రేపు ఆమె ఒక్కతే కూర్చుని ఈ విరిగిన పాటను జోడీ కుదిరిన పాట అనుకుని, చెవి థిన్ చెప్పాడు కదా అని తల ఊపుతూ, ఏళ్ళ తరబడి వింటుంది. ఛీ. కుదరలేదంటాను. స్పీకర్లు శిష్యుడి కాఫీ దుకాణానికి పోతాయి, వాడు వైరు విప్పి తిరిగి పెట్టగానే ఆ గాయని వచ్చి నిలబడుతుంది, పొరపాటు ఎవరిదో వాడికి తెలుస్తుంది, వాడు టీచరుకి చెప్పకుండా ఉంటాడా? ఎటు నడిచినా గోడే. యాభై ఏళ్ళు వాల్వుల మధ్య బతికాను, ఒక్క విషయం నేర్చుకున్నాను: ఎక్కడో తిరగబడ్డ వైరు ఉన్నప్పుడు మిగతా అన్నీ ఎంత సరిచేసినా లాభం లేదు. దాన్నే తిప్పాలి.

పద్నాలుగో పాట అయిపోయింది. సీడీ గిర్రున తిరిగి ఆగింది. గదిలో వాల్వుల వేడి వాసన, తడి మట్టి వాసన.

"అయితే?" అంది దియెప్ టీచర్, కళ్ళు తెరిచి. "కుదిరిందా, లేదా?"

"ఒక్క నిమిషం."

లేచి యాంప్లిఫయరు ఆపాను. కుడి స్పీకరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటే రెండు మోకాళ్ళూ టక్కుమన్నాయి, నాకన్నా ముందే నేరం ఒప్పుకున్నట్టు. ఆమె ముఖం చూడకుండా ఉండటానికి స్పీకరుతోనే మాట్లాడాను.

"ఈ వైర్లు తిరగబడి ఉన్నాయి టీచరుగారూ. పదో రోజు చూశాను. సాగుతున్నప్పుడు వెనక్కి వెళ్తుందన్నానే, అలాంటిదేమీ లేదు. అది అబద్ధం."

"చూసినవారు సరిచెయ్యలేదేం?"

"సరిచేస్తే ఆ రోజుతో అయిపోయేది."

  స్క్రూలు కనబడక స్పీకరును కిటికీ వెలుతురుకి తిప్పాను. తొంభై రోజుల్లో మొదటిసారి. నల్లటి వెనక పలక మీద సుద్దముక్కతో, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా ఉంది: 180°. దాని కింద తొమ్మిదో రోజు తారీఖు. ఆ కింద గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, నాలుగు నిలువు, ఒకటి అడ్డం, వరసకి ఆరు కట్టలు, మూడు వరసలు, చివర ఒంటరిగా ఒక్క గీత. తొంభై ఒకటి. తొమ్మిదో రోజునుంచి నిన్నటి దాకా.

మూడో కప్పు. ఆ రోజు పాట మొదలుకాక ముందే ట్రేలో రెండు కప్పులే ఉన్నాయి. మధ్యలో మనిషి ఉండదని ఆమెకి ముందే తెలుసు.

"మీరా?"

"ఒక అల ఎగిసేటప్పుడు రెండోది దిగితే ఒకదాన్నొకటి మింగేస్తాయని ముప్పై ఏళ్ళు చెప్పాను. వైరు తిప్పడం రాదనుకున్నారా?" అంది. "మీరు 'రెండు రోజులు చాలు' అని కోతలు కోసి వెళ్ళారు. ఆ సాయంత్రం స్క్రూడ్రైవరు వెతకడానికే గంట పట్టింది. మీరు కనిపెట్టడానికి వారమైనా పడుతుందనుకున్నా. పదో రోజే తొంగిచూశారు, వంటింటి కిటికీలోంచి కనబడింది. ఇక దొరికిపోయాననుకుంటూ టీ పట్టుకుని వచ్చాను. మీరేమో 'సాగుతోంది' అన్నారు. 'సహజం' అన్నారు!"

అని నవ్వింది. మామూలు నవ్వు కాదు, ముప్పై ఏళ్ళు తరగతి గదిలో ఆపుకున్నదంతా కలిపి నవ్వినట్టు. ఎదురింటినుంచి థొమ్ అవ్వ "ఏంటర్రా అది?" అని అరిచింది. నాకు సిగ్గేసింది, సిగ్గుతో పాటు ఏదో తేలికయింది, ఏది ఏదో తేల్చే ఓపిక లేక స్క్రూడ్రైవరు తిప్పాను. ఎర్రది ఎర్ర చోట. నల్లది నల్ల చోట. 

యాంప్లిఫయరు వేశాను. వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది, ముందు బూడిద రంగు, తర్వాత చివర్లలో నారింజ. మొదటి పాట. గిటారు మీద గోరు. అప్పుడు రెండు పెట్టెల మధ్య ఉన్న ఆ పీట మీద, వార్తాపత్రికకి కాస్త పైన, ఒక మనిషి ఊపిరి పీల్చింది. పాడింది. గోడలు గోడలయ్యాయి, కిటికీ కిటికీ అయింది. మురళి రావాల్సిన పాట ఇంకా దూరంలో ఉంది, అయినా అది వాయించేవాడు ఎక్కడ నిలబడతాడో నాకు తెలిసిపోయింది. బేస్ గిటారు నేలమీదుగా వచ్చి అరికాళ్ళకు తగిలింది. పులుసులో ఉప్పు పడింది.

ఎప్పుడు లేచిందో, ఆమె వంటింట్లోంచి మూడో కప్పు తెచ్చి, వార్తాపత్రిక తీసేసి పీట మీద పెట్టింది. నా పక్కన కూర్చుంది.

"తీర్పు ఇంకా చెప్పలేదు మీరు."

"ఎలా చెప్పను? తిరగబడ్డ గంటలు లెక్కలోకి రావు." వేళ్ళ మీద లెక్కపెట్టాను. "సరిగ్గా కలిసి ఆడింది ఎనిమిది గంటలే. ఇంకా తొంభై రెండు కావాలి."

ఆమె పొడుగు చొక్కా జేబులో చెయ్యి పెట్టి, వేలెడు సుద్దముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. తడిగుడ్డ నా ఒళ్ళో పడేసింది.

"తప్పిన పరీక్షకి పాత మార్కులు కలపరు థిన్‌గారూ. ఆ గీతలు తుడిచేసి, ఒకటి నుంచి మొదలుపెట్టండి."